మూడు పాటల మందు



ఈ ఆదివారం శంబుకుని మీద రాస్తనని పోయిన భాగంల చెప్పిన. రాయడానికే కూసున్న. నడుమ ఒక మెసేజ్ వచ్చింది. మా కాలేజీల డిగ్రీ రెండో సంవత్సరం చదివే పిల్ల. "మేడమ్, మా నాయినకు సోమవారం నుంచి కీమో. మస్తు భయపడుతున్నడు. పాటలు పెడితే మంచిదని మీరు క్లాసుల ఒకసారి అన్నరు. ఏం పాటలు పెట్టాలె?"

ఎప్పుడన్ననో యాదికి లేదు. అనే ఉంటా. మేం లెక్చరర్లం శాన అంటం.

ఫోన్ల రెండు ముక్కలు చెప్పి ఊకుండచ్చు. కానీ ఇదే ప్రశ్న మూడేండ్ల కింద నా ముందుకొచ్చినప్పుడు నేనిచ్చిన మొదటి జవాబు తప్పు. రెండోది ఇంకా తప్పు. మూడోది సరైందే గని, దానికి మా అవ్వ ఒక ధర కట్టింది. ఆ ధర సంగతి చెప్పకుండ పాటల పేర్లు రాసియ్యలేను. అందుకే ఆ పిల్లకు చెప్పాల్సిందంత ఇక్కడ్నే రాస్తున్న. రామాయణం కూడ వస్తది, కాకపోతే దవాఖాన దారిల.

(మా జనగామ దిక్కు అమ్మను అవ్వ అంటం. ఆంధ్ర మిత్రులు నాయినమ్మ అనుకోవద్దు.)

అవ్వకు రొమ్ముల గడ్డ. నాట్లేసే మనిషి, కలుపు తీసే మనిషి. గడ్డ చేతికి తగిలి ఎనిమిది నెలలైనా ఎవలకూ చెప్పలే. "ఎందుకు చెప్పలేదమ్మా?" అని డాక్టరు అడిగితే "నొప్పి లేదు గద సారూ" అన్నది. ఇది చదివే ఆడపిల్లలు ఇంటికి పోయి మీ అమ్మలకు చెప్పున్రి: నొప్పి లేదంటే ఏం లేదని కాదు. రొమ్ము క్యాన్సర్ గడ్డలు శానమట్టుకు మొదట్ల నొప్పి పుట్టయి.

ఆపరేషన్ అయింది. ఆరోగ్యశ్రీ కార్డు మీద కీమో రాసిన్రు. 21 రోజులకొకసారి, మొత్తం 8 సార్లు. మొదటి నాలుగు ఎర్ర మందు, ఎనుక నాలుగు తెల్ల మందు. అవ్వ పెట్టిన పేర్లే ఇవి. ఎర్ర మందంటే డోక్సోరూబిసిన్. ఇటలీ మట్టిల దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి తీసిన మందు. అక్కడి ఏడ్రియాటిక్ సముద్రం పేరు మీద దానికి ఏడ్రియామైసిన్ అని పేరు పెట్టిన్రు. సిరంజిల చూస్తే రూఅఫ్జా లెక్క కనపడ్తది. నరంల నుంచి బయటికి కారితే లోపలి కండ కాలి పుండు పడ్తది. అందుకని సిస్టర్ పక్కన్నే ఉండి, చెయ్యి మీద నుంచి కండ్లు తియ్యకుండ, మెల్లమెల్లగ ఎక్కిస్తది. ఎక్కించినంక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగ వస్తది. ఆ సంగతి మాకు ముందుగాల తెల్వదు. రక్తం పోతుందనుకొని మొదటిసారి అవ్వ రాత్రంత నన్ను లేపకుండ ఒక్కతే ఏడ్చింది.

నేను పుస్తకాల మనిషిని. భయం పుట్టంగనే చదువుతా. అవ్వ మంచం కాడ కూసొని ఫోన్ల చదివిన.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాల గాయపడ్డ సైనికుల దవాఖానలల్ల పాటలు పాడేటోళ్లను, వాయించేటోళ్లను పెట్టుకున్నరు. 1950ల వాళ్లకొక సంఘమే ఏర్పడ్డది. సంగీత చికిత్స అనేది అట్ల ఒక చదువయింది, ఒక నౌకరీ అయింది. ఇండ్ల రెండు తీర్లున్నయి. శిక్షణ పొందిన మనిషి రోగి పక్కన కూసొని, ఆ రోగి ఊపిరిని బట్టి, మాటను బట్టి పాడుడు, పాడించుడు, పాట రాయించుడు ఒకటి. రికార్డు చేసిన పాట చెవుల పెట్టుడు ఇంకొకటి. మనసోంటోళ్లం చెయ్యగలిగేది రెండోదే. 2021ల కోక్రేన్ అనే సంస్థ క్యాన్సర్ రోగుల మీద జరిగిన ఇసోంటి 81 పరీక్షలను ఒక్కకాడికి తెచ్చి లెక్కగట్టింది. అన్నీ కీమోవే కావు, ఆపరేషన్లప్పటివి, రేడియేషన్ అప్పటివి కూడ ఉన్నయి. అన్నిట్ల కలిపి 5,500 మందికి పైనే మనుషులు. పెద్దలల్ల పాట ఆందోళనను తగ్గిస్తుండచ్చు, నొప్పిని, అలసటను కూడ కొంత తగ్గిస్తుండచ్చు అన్నది వాళ్లు తేల్చిన మాట. "తగ్గిస్తుండచ్చు" అనే అన్నరు, గట్టిగ అనలే. కారణం కూడ చెప్పిన్రు. మందు పరీక్షలల్ల ఎవలకు అసలు మందు, ఎవలకు ఉత్త గోలీ అన్నది దాచిపెట్టచ్చు. పాటను ఎట్ల దాస్తవు? చెవుల పాట మోగుతున్నదో లేదో ఇనేటోనికి తెలుస్తనే ఉంటది గద.

ఇంతకు మించి పాట చేసేది లేదు. గడ్డ మీద దానికి ఏ బలమూ లేదు. ఫలానా రాగం ఇంటే క్యాన్సర్ కణాలు చస్తయని చెప్పే వీడియోలు నాకు పంపకున్రి. అవి నమ్మి కీమో బంద్ చేసిన మనిషిని నేను అదే వార్డుల చూసిన. ఆరు నెలలకు మళ్ల వచ్చింది. అప్పటికి ఎర్ర మందు పనిచేసే సమయం దాటిపోయింది.

ఆ పరీక్షలల్ల ఆందోళనను కొలిచేది ఎక్కువగ ఒక ప్రశ్నపత్రంతోని. 20 ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు. 20 వస్తే నిమ్మళం, 80 వస్తే విపరీతం. తెలుగు డాక్టరేటు ఉన్నది కదా అని అవ్వ కోసం దాన్ని నా తీరుగ తెలుగు చెయ్యబోయిన. "అవ్వా, ఇప్పుడు నీకు ఆందోళనగ ఉన్నదా?" అని అడిగితే "ఆందోళన మీ కాలేజీల చేస్తరు గద" అన్నది. నిజమే. ఆ మాట మనం ధర్నాకు వాడుకున్నం. నేను మాట మార్చి అడిగిన. అప్పుడు చెప్పింది అవ్వ, తనకున్నయి రెండని. ఒకటి రంది, ఒకటి బుగులు. తను పోతే తమ్ముని పెండ్లి ఎవలు చేస్తరు అన్నది రంది. అది రాత్రిపూట వస్తది, మెల్లగ తింటది. సిస్టర్ ఆ ఎర్ర సిరంజి పట్టుకొని వస్తుంటే కాళ్లు సల్లవడి, గుండె దడదడ కొట్టుకొని, లేచి ఉరుకుదామనిపించుడు బుగులు. "రందికి పాటేం జేస్తది బిడ్డా? బుగులుకైతే జెయ్యచ్చు" అన్నది. ఆ 81 పరీక్షలు చెప్పింది కూడ ఇంచుమించు బుగులు సంగతే. చికిత్స ముంగట, చికిత్స నడుమ, అప్పటికప్పుడు లేచే భయం.

మొదటి జవాబు నాది కాదు. వార్డుల ఒక సేవా సంస్థ పిల్లలు హెడ్‌ఫోన్లు పంచిన్రు. మంచి పిల్లలు, పేరు పేరున పలకరించేటోళ్లు. అండ్ల పిల్లనగ్రోవి, వీణ, నడుమ నడుమ నీళ్లు పారే సప్పుడు. మాటల్లేని, మెల్లగ నడిచే సంగీతం మనసుకు నెమ్మది అని ఈ రంగంల తరుచు చెప్తరు, దాని ప్రకారం పెట్టిన్రు. అవ్వ ఇన్నది. "మంచిగనే ఉన్నది. దొరసాని ఇంట్ల సోఫాల కూసున్నట్టున్నది" అన్నది. అవ్వ జన్మల ఏ దొరసాని ఇంట్ల సోఫా మీదా కూసోలే. బీపీ ఎంతున్నదో అంతే ఉన్నది. చేతులు కుర్చీని గట్టిగ పట్టుకొనే ఉన్నయి.

నాకు లోపల కోపమొచ్చింది. నెమ్మది అంటే వీణేనా? మా మనుషుల చెవులకు అది ఎన్నడన్న అందిందా? అందరి ఒంటికి ఒకే కొలత అంగీ కుట్టిండ్రు కదా అనుకున్న. మీరు నా రాతలు ఎరిగినోళ్లే, నేనెటు పోతనో మీకు తెలుసు. ఊర్ల మా చిన్నాయినకు ఫోన్ చేసిన. మా నాయిన డప్పు ఇంట్ల గోడకు ఏలాడి ఉంటది, నాయిన పోయినంక దాన్ని ఎవలూ దించలే. "ఆ డప్పే కాపి, జాతర దరువు కొట్టి పంపు చిన్నాయినా" అన్న. ఆయన పాపం తుమ్మ కట్టెలు ఎగేసి డప్పు కాపి, సిర్ర, సిటికెన పుల్ల పట్టి, పావుగంట కొట్టి పంపిండు. ఎంత గొప్పగ ఉన్నదంటే దవాఖాన మెట్ల మీద కూసొని నేను ఏడ్చిన.

రెండో కీమో. ఎర్ర సిరంజి వచ్చింది. నేను ఇయర్‌ఫోన్ పెట్టి దరువు మొదలువెట్టిన.

అవ్వ కండ్లు పెద్దగైనయి. చెవుల నుంచి గుంజేసింది. "బంద్ చెయ్ బిడ్డా! ఎవలు సచ్చిన్రు?"

"చావు దరువు కాదవ్వా, జాతర..."

"ఏ దరువైతేంది. దరువు ఇనవడంగనే మీ నాయినను పిల్వనీకి వస్తుండ్రనుకుంట."

డప్పు మా ఆత్మగౌరవ జెండా అని వంద మీటింగులల్ల మాట్లాడిన. ఆ మాట ఇప్పటికీ అబద్ధం కాదు. 1994ల దండోర మొదలైన కాడి నుంచి ఆ సప్పుడు ఎంతమందిని తలెత్తి నడిపిచ్చిందో మనకు తెలుసు. కానీ అవ్వ చెవుల ఆ సప్పుడు ఇంకో చరిత్ర దాసుకున్నది. ఊర్ల పెద్ద కులపోడు ఎవడు చచ్చినా నాయిన పోవాలె. ఒంట్ల జరం ఉన్నా పోవాలె. శవం లేచేదాక, కాలేదాక కొట్టాలె. వచ్చేటప్పుడు ఇన్ని వడ్లు, ఇంత కల్లు. ఆ వెట్టి పడక ఒకనాడు నాయిన డప్పు గోడకు తగిలేసి బొంబాయి పోయిండు. ఆరేండ్లు రాలే. ఆ ఆరేండ్లు నన్ను, తమ్ముణ్ని అవ్వ ఒక్కతే సాదింది. నేను అవన్నీ వ్యాసాలల్ల రాసిన్నే. రాసి, మర్చిపోయి, అదే సప్పుడు తెచ్చి కీమో ఎక్కుతున్న మనిషి చెవుల పెట్టిన. సేవా సంస్థ పిల్లలను తప్పుపట్టి, నేను చేసింది అదే తప్పు. వాళ్లు అవ్వను అడగలే. నేనూ అడగలే. ఇంకా వాళ్లకంటే నాదే పెద్ద తప్పు, ఎందుకంటే నాకు తెలిసి ఉండాలె.

ఆ రాత్రి అడిగిన. "అవ్వా, నీకేం పాట కావాలె?"

జర సేపు ఊకున్నది. సిగ్గుపడ్డది. ఎన్నడూ ఎవలూ అడగని ప్రశ్న కావచ్చు. ఆఖరికి అన్నది: "లవకుశ పెట్టు."

మిత్రులారా, ఇక్కడ నా పరిస్థితి ఆలోచించున్రి. నా పీహెచ్‌డీల ఒక అధ్యాయం శంబుకుడే. తపస్సు చేసిండని శూద్రుని తల నరికిన కథ ఉత్తరకాండల్నే ఉన్నదని, త్రిపురనేని రామస్వామి చౌదరి 1920ల్నే 'శంబుక వధ' నాటకం రాసిండని ప్రతి ఏడు పిల్లలకు చెప్తా. 1963ల వచ్చిన 'లవకుశ' సినిమా మీద కూడ నేను క్లాసుల ఒక గంట మాట్లాడతా. సీత మీద నింద వాల్మీకిల ఊరందరి నోట్ల ఉంటది, రామునికి వచ్చి భద్రుడు చెప్తడు. సినిమాకొచ్చేసరికి అది ఒక చాకలి ఇంటి మాట అయింది, దాన్ని హాస్యం చేసిన్రు. రాజు చేసిన తప్పు తెలివిగ కింది కులం మెడకు తగిలిందని బోర్డు మీద రాసి చూపిస్త. ఇంత చెప్పే మనిషి తల్లి కీమోల లవకుశ పెట్టమంటున్నది.

"ఆ రాముని పాటలెందుకవ్వా?" అన్న.

"రాముని పాట ఎవలడిగిన్రే? నేనడిగింది పోరగాండ్ల పాట."

నేనింక మాట్లాడలే.

అవ్వ ఆ సినిమా చిన్నప్పుడు డేరా టాకీసుల నేల మీద కూసొని చూసింది, ఒక్కసారే. మిగతాదంత మైకుల ఇన్నది. ప్రతి శ్రీరామనవమికి గుడికాడి యాప చెట్టుకు మైకు కట్టి ఆ పాటలే ఏసేటోళ్లు. గుడిలకు మమ్ముల రానియ్యలే గని మైకు మా వాడదాక వచ్చేది. లీల, సుశీల గొంతులల్ల ఆ ఇద్దరు పిల్లలు తమ తల్లి కథను ఊరూరు తిరిగి పాడుకుంట పోయి, ఆఖరికి తండ్రి కొలువుల్నే నిలబడి పాడతరు. నాయిన బొంబాయిల ఉన్న ఆరేండ్లు అవ్వ ఆ మైకు కింద ఏం ఇన్నదో నేను ఏ అధ్యాయంలనూ రాయలే.

మూడో కీమోకు ఆ పాటలు ఎక్కించుకపోయిన. ఎర్ర సిరంజి వచ్చింది. అవ్వ కండ్లు మూసుకున్నది. కుర్చీ మీద ఎడమ చేతి వేళ్లు కదులుతున్నయి. పట్టుకునుడు కాదు, తాళం. సిస్టర్ సిరంజి తీసి "అయిపోయిందమ్మా" అంటే కండ్లు తెరిచి "మూడు పాటలేనా?" అన్నది.

అది పొలం కాడి లెక్క. నాట్లల్ల మా వాడ ఆడోళ్లు మడిని గంటలతోని కొలవరు. "ఈ మడి రెండు పాటలది, ఆ పెద్ద మడి ఆరు పాటలది" అంటరు. అవ్వ పాట ఎత్తుకునే మనిషి, మిగతావాళ్లు అందుకునేటోళ్లు. నడుము వంగినంతసేపు నొప్పిని పాటతోని ముక్కలు కోసుకునే విద్య ఆమెకు నలభై ఏండ్ల కిందనే వచ్చు. ఎర్ర మందు మూడు పాటలది. తర్వాత ఎక్కే సీసా పద్నాలుగు పాటలది, పద్యాలు కలుపుకొని. సిరంజి ఎప్పుడైపోతదో తెల్వని భయం కాస్తా ఇంకెన్ని పాటలు అనే లెక్కలకు వచ్చింది. బీపీ మెషిన్ల నంబరు కూడ దిగింది. ఎంత దిగిందో రాస్తే మీరు దాన్ని రుజువు అనుకుంటరు, ఒక్క మనిషి బీపీ రుజువు కాదు, అందుకే రాస్తలేను.

అదే రోజు ఇంకో సంగతి అయింది. పక్క మంచం ఆమె, అవ్వ వయసుదే, "ఏం ఇంటున్నవమ్మా?" అని అడిగింది. లవకుశ అనంగనే మొఖం ఎలిగింది. "ఒకటి నాకియ్యి" అని ఒక ఇయర్‌ఫోన్ తీసుకొని చెవుల పెట్టుకున్నది. ఇద్దరు ఒకే తీగకు కట్టినట్టు కూసొని రెండు పాటలు ఇన్నరు. మూడో పాట నడుమ ఆమె అడగనే అడిగింది, "మీరేమోళ్లు?" అని. "మాదిగోళ్లం" అన్నది అవ్వ, కండ్లు మూసుకునే. నేను ఆమె చెయ్యినే చూస్తున్న. చెయ్యి చెవి దాక పోయింది. ఆగింది. పాట మంచి పట్టుల ఉన్నది. చెయ్యి దిగింది. పాట అయిపోయినంక తీసి ఇచ్చింది.

21 రోజులకు మళ్ల ఇద్దరూ పక్కపక్కనే పడ్డరు. ఈసారి ఆమె సొంత ఇయర్‌ఫోన్లు తెచ్చుకున్నది. అండ్ల కూడ లవకుశే. ఆ లోపల సిస్టర్ అందరికీ చెప్పింది, కీమోల తెల్లకణాలు తగ్గుతయి, ఒకరి వస్తువులు ఒకరు వాడొద్దని. ఏ జాగ్రత్తకు ఆమె సొంతయి తెచ్చుకున్నదో నేను శాన రోజులు ఆలోచించిన. అవ్వను అడిగితే "రెండూ కావచ్చు" అన్నది. "పాటైతే మంచిదే పెట్టుకున్నది."

ఐదోసారి నుంచి తెల్ల మందు, పాక్లిటాక్సెల్. అది మూడు గంటల సీసా. లవకుశ సినిమా కూడ మూడు గంటల పైనే, అందుకని సినిమా మొత్తమే ఎక్కించిన. ఈ మందుతోని కొందరికి ఎక్కుతుండంగనే రియాక్షన్ వస్తది, ఛాతీ పట్టేసినట్టు, మొఖం మండినట్టు. వెంటనే సిస్టర్‌కు చెప్పాలె. అందుకే రెండు చెవులు మూసుకునే పెద్ద హెడ్‌ఫోన్లు వద్దన్నరు. ఒక చెవిల పాట, ఒక చెవి సిస్టర్‌కు. ఇంకొన్ని వారాలకు అవ్వ వేలికొసలు మొద్దుబారినయి, అది కూడ ఈ మందు గుణమే. నారు తీసి లెక్కవెట్టే వేళ్లు ఫోన్ల పాట మార్చలేకపోయినయి. తమ్ముడు పక్కన కూసొని మార్చేటోడు.

అంత మంచిగనే నడుస్తున్నదనుకున్న. ఎనిమిదో కీమో అయిపోయింది, వార్డుల అందరికీ మైసూర్‌పాక్ పంచినం.

ఆ చైత్రంల శ్రీరామనవమి. నేను ఊర్ల ఉన్న. పొద్దుగాల గుడికాడ మైకు మోగింది. లీల, సుశీల. అవ్వ వాకిట్ల చాయ తాగుతున్నది. గ్లాసు కింద వెట్టి, గోడ పట్టుకొని, కక్కింది. కడుపుల ఏం లేకున్నా కక్కింది. లేచి తలుపులు, కిటికీలు అన్నీ మూసి, చెవులల్ల దూది పెట్టుకొని మాపటిదాక లోపల్నే పండుకున్నది.

అప్పుడు చెప్పింది. ఆరోసారి నుంచే అట్ల అయితుందట. పాట మొదలుకాంగనే నోట్లె నీళ్లూరి, వార్డు వాసన ముక్కుకు కొట్టేదట. "మరి చెప్పలేదేమవ్వా?" అంటే, "నువ్వు కష్టపడి ఎక్కించుకొస్తివి" అన్నది. గడ్డ దాసినట్టే ఇదీ దాసింది.

ఒక మిత్రునికి చెప్తే నవ్విండు. "మంచిదే గద, వాడల నుంచి రాముడు పోయిండు" అన్నడు. మామూలుగైతే అసోంటి మాటకు నేనే ముందు నవ్వుత. ఆ రోజు ఫోన్ పెట్టేసిన. పోయింది రాముడు కాదు. అవ్వకు తనదంటూ ఉన్న ఒకే ఒక్క పాటను నేను తీస్కపోయి ఆ మందుల ముంచిన.

మళ్ల చదివిన, నాకు వేరే ఏం రాదు గద. కీమో తీసుకునేటోళ్లకు దవాఖాన గేటు చూడంగనే, ఆ వాసన రాంగనే మందు ఎక్కకముందే వాంతి వచ్చుడు డాక్టర్లకు బాగ తెలిసిందే. ఒంటికి వికారం ఒకసారి దేంతోని ముడిపడితే అది కనపడంగనే వికారం లేస్తది. 1978ల సియాటిల్‌ల ఇలీన్ బెర్న్‌స్టీన్ అనే పరిశోధకురాలు కీమో తీసుకునే పిల్లలకు మందుకు ముంగట ఒక కొత్త రుచి ఐస్‌క్రీమ్ పెట్టి చూసింది. కొన్ని వారాలకు మళ్ల పెడితే ఆ పిల్లలల్ల శానమంది దాన్ని వద్దన్నరు. ఐస్‌క్రీమ్ చేసిన తప్పేం లేదు, మందు పక్కన ఉండుడే తప్పయింది. 1987ల ఇంకో ప్రయోగం. పిల్లలు తినే మామూలు అన్నానికి, మందుకు నడుమ ఒక ఘాటు రుచి చప్పరించే బిళ్ల ఇచ్చిన్రు. వికారం నింద ఎక్కువమట్టుకు ఆ బిళ్ల మీదికి పోయింది, అన్నం బతికింది. మన జాతరల గావు మేక లెక్క. ఊరి మీది కీడు అది మోసుకపోతది.

అవి చదువుతుంటే నాకు ఆ సేవా సంస్థ పిల్లలు యాదికొచ్చిన్రు. వాళ్ల పిల్లనగ్రోవి, నీళ్ల సప్పుడు. అవ్వకు దాని మీద ప్రేమా లేదు, కోపమూ లేదు. అది చెడిపోయినా ఆమెకు పోయేదేం లేదు. నేను కోపంతోని తీసి పక్కకు పెట్టిన హెడ్‌ఫోనే గావు మేక కావాల్సింది.

ఇగ నీకు జవాబు, తల్లీ.

ముందు మీ నాయినను అడుగు. నువ్వు ఆయన బిడ్డవైనా, ఆయన ఏం ఇంటడో నీకు తెలుసనుకోకు. ఆయన అంబేద్కర్ పాటలు కాకుండ పాత సినిమా పాటలడిగినా, చర్చి పాటలడిగినా, ఏదీ వద్దు టీవీల వార్తలు చూస్తనన్నా సరే. పాట వద్దనే హక్కు కూడ ఆయనదే. అడిగినప్పుడు ఇంకో ప్రశ్న కూడ అడుగు, నేను అడగంది: ఇండ్ల ఏ పాట పోయినా నీకు పర్వాలేదు నాయినా? సుదిపడే పాటలు, బాగనే ఉన్నయనిపించే పాటలు, అయి మందు ఎక్కేటప్పుడు పెట్టు. ఒక్కటే పాట ప్రతిసారి పెట్టకు, మార్చుకుంట పో. ప్రాణమసోంటి పాటను ఇంట్ల దాసిపెట్టు. ముందటి రాత్రి నిద్ర పట్టనప్పుడో, ఒళ్లు తేటపడ్డ మూడో వారంలనో ఇననియ్యి. సప్పుడు తక్కువ పెట్టు, ఒక చెవి సిస్టర్‌కు వదిలిపెట్టు. పాటలు ఫోన్లకు ముందే ఎక్కించుకపో, వార్డుల సిగ్నల్ దొరకదు, నడుమ నడుమ బట్టల దుకాణం ప్రకటన వస్తే ఉన్న నెమ్మది కూడ పోతది. వాంతి వస్తున్నదంటే పాటతోని కప్పకు, డాక్టరుకు చెప్పు, దానికి గోలీలున్నయి. మూత్రం ఎర్రగ వచ్చే మందైతే ముందుగాల్నే చెప్పు. సగం బుగులు తెల్వకనే.

అవ్వ ఇప్పుడు మంచిగనే ఉన్నది. రోజుకో గోలీ, ఆరు నెలలకోసారి చూపించుకునుడు. మళ్ల నాట్లకు పోత అంటది, మేం ఒప్పుకుంటలేం. వికారం ముడి తానంతట తాను కొంత వదులైతదని, మందు లేని కాడ, మంచి పూట, మెల్లమెల్లగ మళ్ల ఇనిపిస్తే తొందరగ వదులైతదని ఒక డాక్టరమ్మ చెప్పింది. అట్ల చేస్తున్నం. వారానికొకసారి, అన్నం తిన్నంక, వాకిట్ల, చిన్న సప్పుడుతోని ఒక్క పాట.

మొదట్ల పేర్లు పడేకాడి సంగీతానికే చెయ్యి అడ్డం పెట్టేది. మొన్న ఆదివారం చిక్కుడుకాయ గిల్లుకుంట కూసున్నది. పెట్టిన. కాయలు గిల్లుడు ఆపలే. పల్లవి అయింది, మొదటి చరణం అయింది. రెండో చరణం ఎత్తుకోంగనే "చాలు బిడ్డా" అన్నది. బంద్ చేసిన. జరసేపటికి, కాయలు గిల్లుకుంటనే, ఆగిన కాడి నుంచి రెండు ముక్కలు తనే కూనిరాగం తీసింది. మళ్ల ఆపి, నీళ్లడిగింది.

(శంబుకుడు వచ్చే ఆదివారం.)